పనిచేయని మొగుడు, పసుపు కుంకుమ పొలం

ముప్పై మూడేళ్లు విజయవాడ కోర్టుల్లో విడాకుల కేసులు వాదించాను. నా బల్లకు అవతల కూర్చున్న మగవాళ్లలో ఎక్కువమంది చెప్పే మొదటి మాట ఒకటే: "మా ఆవిడ ఏ పనీ చెయ్యదండీ." ఆడవాళ్లు చెప్పే మొదటి మాట వేరు: "మా వారు ప్రస్తుతం ఖాళీగా ఉన్నారండీ." పొద్దున్నే లేచి ఎనిమిది మందికి వండి, పిల్లల్ని బడికి పంపి, అత్తగారికి ఇన్సులిన్ ఇచ్చి, ఆ తర్వాత కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి ఏ పనీ చెయ్యనిది. పదకొండేళ్లుగా సోఫాలోంచి లేవని మనిషి మాత్రం "ప్రస్తుతం" ఖాళీగా ఉన్నాడు. ఆ ప్రస్తుతం అనే మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతోంది.

కిందటి నెల నా ఆఫీసు మూసేశాను. బెంజ్ సర్కిల్ వెనక సందులో, మేడ మీద రెండు గదులు. బీరువాలు ఖాళీ చేస్తుంటే మా జూనియర్ అడిగింది.

"మేడమ్, భార్యాభర్తల్లో సంపాదించేది ఒక్కరే అయినప్పుడు, విడిపోయేముందు ఆ సంపాదన ఎలా కాపాడుకోవాలని అందరూ అడుగుతున్నారండీ. నాకేం చెప్పాలో తెలియట్లేదు."

ఏం చెప్పాలో నాకు తెలుసు. అది నాకెలా తెలిసిందో చెప్పాలంటే మాత్రం నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. గెలిచిన కేసుల గురించి రాసేవాళ్లు మా వృత్తిలో చాలామంది ఉన్నారు, శాలువాలు కప్పించుకుని మరీ చెబుతారు. నేను వాటి జోలికి పోను. పేర్లు మార్చాను. తప్పును మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

తమ్ముడి పేర రాసిన కొట్టు

నేను మొదట పనిచేసిన సీనియర్ గారు పేరున్న వకీలు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవారు, గొంతు పెంచేవారు కాదు, గంటకో కాఫీ తాగేవారు. సంపాదించే మగవాడు ఎవరు విడాకులకు వచ్చినా ఆయన సలహా ఒక్కటే. "ముందు ఆస్తి నీ పేర లేకుండా చూసుకోవయ్యా. కేసు సంగతి తర్వాత చూద్దాం."

వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు ఉన్న ఒకాయన వచ్చాడు. భార్య ఏ పనీ చెయ్యదన్నాడు. కొట్లో పదిహేనేళ్లు గల్లా మీద కూర్చుంది ఆవిడేనని నాకు తర్వాత తెలిసింది. పెళ్లిళ్ల సీజన్లో బిందెల మీద, పళ్లేల మీద పేర్లు కొట్టేది కూడా ఆవిడేనట. ఆ మిషను అదురుకు కుడి చెయ్యి తిమ్మిరెక్కిపోయి, ఎడమ చేత్తో అన్నం తినేదట. మా సీనియర్ గారు చెప్పినట్టు ఆయన కొట్టునీ, కొట్టు మీద ఇంటినీ తమ్ముడికి గిఫ్ట్ డీడు రాసేశాడు. ఆ డీడు దగ్గరుండి టైపు చేయించింది నేనే. కోర్టులో మా క్లయింటు తమ్ముడి కొట్లో గుమస్తా అని చెప్పాం. గుమస్తా జీతానికి తగ్గ భరణమే వచ్చింది ఆవిడకు. మెట్ల దగ్గర ఆవిడ నావైపు ఒకసారి చూసింది. నేను ఫైలు వైపు చూసుకున్నాను.

రెండేళ్లకు ఆయన మళ్లీ వచ్చాడు. "మా తమ్ముడు కొట్టు తిరిగి రాయనంటున్నాడు సార్."

"గిఫ్ట్ డీడు గదయ్యా. ఇచ్చేశాక ఇచ్చేసినట్టే," అన్నారు సీనియర్ గారు.

"మీరే గదండీ ఇమ్మన్నారు."

"సలహా నాది. సంతకం నీది."

ఆయనకు కూడా ఓ కాఫీ తెప్పించి పంపేశారు. ఆ తర్వాత ఆయన నిజంగానే తమ్ముడి కొట్లో జీతానికి కుదిరాడు. మేము కోర్టులో చెప్పిన అబద్ధం అలా నిజమైంది. నాకు ఆయన మీద రవ్వంత జాలి కూడా కలగలేదు. అన్నంలో ఎడమ చెయ్యి పెట్టుకున్న ఆవిడే కళ్లముందు మెదిలింది. నా మీద నాకే అసహ్యం వేసి, ఆ ఏడాదే సీనియర్ గారి దగ్గర మానేశాను.

ఇప్పటికీ ఈ సలహా ఇచ్చేవాళ్లున్నారు. తమ్ముడి పేర పెట్టు, అమ్మ పేర పెట్టు, బావమరిది పేర పెట్టు అంటారు. భార్యాభర్తలిద్దరూ ఆస్తి, అప్పుల లెక్క అఫిడవిట్‌గా ఇవ్వాల్సిన ఈ రోజుల్లో కూడా చెబుతున్నారు. దాచడం వేరు, కాపాడుకోవడం వేరు. అవతలి మనిషికి చట్టం ఇచ్చేది ఎగ్గొట్టడానికి మన చదువు వాడితే మనకూ జేబుదొంగకూ తేడా నల్లకోటు ఒక్కటే. అదైనా తెలిసిందని నేను గర్వపడేదాన్ని. కానీ కాపాడుకోవడమంటే ఏమిటో నాకు పూర్తిగా తెలియదని సునంద కేసులో బయటపడింది.

ఖాళీగా ఉన్న మనిషి

సునంద కొండపల్లి దగ్గర థర్మల్ కరెంటు కేంద్రంలో కెమిస్టు. బాయిలర్లలోకి పోయే నీళ్లు పరీక్షించే పని. పెళ్లై పధ్నాలుగేళ్లు, పిల్లల్లేరు. భర్త రవిబాబు బీకామ్. పెళ్లైన కొత్తలో కైకలూరు వైపు చేపల చెరువులు కౌలుకు తీసుకుని మూడేళ్లు నడిపాడు. రోగం వచ్చి చేప పోయింది, డబ్బు పోయింది. అది ఎవరికైనా జరిగేదే, అందులో నేను తప్పు పట్టను. ఆ రోజు సోఫాలో కూర్చున్నవాడు పదకొండేళ్లు లేవకపోవడమే నాకు అర్థం కాని సంగతి. చెరువుల కోసం తెచ్చిన అప్పులు సునంద జీతంలోంచే తీరాయి.

విడాకుల కోసం నా ఆఫీసుకు వచ్చిన రోజు సునంద ఏడవలేదు. ప్రయోగశాలలో రీడింగులు చెప్పినట్టు చెప్పింది.

"భరణం అడుగుతాడంట మేడమ్. అడగనివ్వండి, ఇవ్వమంటే ఇస్తాను. జీతం మళ్లీ నెల తిరిగేసరికి వస్తది. నాకు కావాల్సింది ఒకటేనండీ. పొలం పోకూడదు."

పామర్రు దగ్గర ఎకరంన్నర మాగాణి. పెళ్లిలో పసుపు కుంకుమ కింద తండ్రి ఆమె పేర రిజిస్టరు చేసింది. పసుపు కుంకుమ పొలాలు నేను చాలా చూశాను కాబట్టి తల ఊపాను. ఆమె ఆగలేదు.

"నన్ను ఎమ్మెస్సీ చదివించటానికి మా నాన్న ఆ చెక్కే తాకట్టు పెట్టారండీ. అన్నయ్యలిద్దరూ గొడవ చేశారు, ఆడపిల్ల చదువుకి పొలం తాకట్టేంటని. నాన్న ఆరేళ్లు తిప్పలు పడి విడిపించారు. విడిపించి, అదే చెక్క నాకు రాశారు. ఇంకెక్కడైనా ఇవ్వొచ్చు, అదే ఇచ్చారు. ఇప్పుడు ఆయన లేరు. అది పోతే నాకింకేం లేదు మేడమ్."

"పట్టాదారు పాసుపుస్తకం నీ పేర ఉందా?"

"ఉందండీ."

"అయితే ఎక్కడికి పోతుందమ్మా? నేనున్నానుగా," అన్నాను.

ఆ మాట ఇప్పుడు కాగితం మీద పెడుతుంటే కూడా సిగ్గుగా ఉంది.

మిగతావన్నీ గట్టిగానే చేశాను. జీతం పడే ఖాతా ఇద్దరి పేరా ఉంది, ఆమె ఒక్కదాని పేర కొత్తది తెరిపించాను. ఏటీఎం కార్డు అతని పర్సులో ఉండేది, దాన్ని బ్లాకు చేయించాను. బ్యాంకు మెసేజీలు ఎవరి ఫోనుకొస్తాయని అడిగితే ఆయన ఫోనుకే అంది. జీతం పడిందని పదకొండేళ్లుగా ఆమెకు అతను చెప్పేవాడట, ఏదో తానే సంపాదించి తెచ్చినట్టు. ఆ నంబరు మార్పించాను. పీఎఫ్‌లో, ఇన్సూరెన్సులో నామినీ పేర్లు మార్పించాను. లాకరు తెరిచి అందులో ఉన్న బంగారం సాక్షుల ముందు రాయించి ఆమెకు ఇప్పించాను. అత్తగారి గాజులు రెండు అందులో ఉంటే అవి విడిగా రవిబాబు చేతికి ఇప్పించి రసీదు తీసుకున్నాను. ఎవరి సొమ్ము వాళ్లకు చేరాలి కదా. వారం రోజుల్లో ఇదంతా అయ్యేసరికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

రవిబాబు నెలకు పాతిక వేలు మధ్యంతర భరణం కావాలని, తన వకీలు ఫీజు కూడా భార్యే కట్టాలని పిటిషన్ వేశాడు. మన హిందూ వివాహ చట్టంలో భర్త కూడా అడగొచ్చు. అడగొద్దని నేను అనను. మంచాన పడ్డ మగవాడికి సంపాదించే భార్య భరణం ఇవ్వాల్సిందే, అలాంటి కేసు నేనే వాదించి ఇప్పించాను. ఇతను మాత్రం ఇస్త్రీ మడత చెడని తెల్లచొక్కాలో వచ్చి బోనెక్కాడు.

"మీరేం చేస్తుంటారు?" అన్నారు జడ్జి గారు.

"ప్రస్తుతం ఖాళీగా ఉన్నానండీ."

"ఆరోగ్యం?"

"బాగానే ఉందండీ."

"పదకొండేళ్లలో ఏ ఉద్యోగమూ దొరకలేదా?"

"మా స్థాయికి తగ్గది దొరకలేదండీ."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అతనికి నవ్వు రాలేదు, నిజంగానే బాధగా చూశాడు. అతను ఇచ్చిన అఫిడవిట్‌లో ఆదాయం దగ్గర ఏమీ లేదు, ఆస్తి దగ్గర ఏమీ లేదు. నేను మురిసిపోయాను. ఈ పిటిషన్ నిలబడదు, ఇంక భయం లేదు అనుకున్నాను.

నేను అడగని ప్రశ్న

ఒక రోజు మధ్యాహ్నం సునంద డ్యూటీలో ఉండగా ఫోనొచ్చింది. పొలం కౌలుకు చేసే రైతు. ఇన్నేళ్లూ కౌలు డబ్బు అల్లుడి చేతికే ఇవ్వడం మర్యాద కాబట్టి అతని దగ్గర ఆమె నంబరు కూడా లేదు. ఎవరెవరినో అడిగి సంపాదించాడట. ఆ మనిషి చెప్పింది సునంద నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"పొలం అమ్మేశారంట గదమ్మా. నాకొక్క మాట చెప్తే, అప్పో సప్పో చేసి నేనే కొనుక్కునేవాణ్ణి గదండీ. ఇన్నేళ్లు చేశాను, ఆ మాత్రం చెప్పొద్దా?"

కొనుక్కున్నవాళ్లు వచ్చి గట్ల మీద రాళ్లు పాతుతున్నారట.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆ వైపు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి ఈసీ తీయించాం. పొలం మీద జరిగిన లావాదేవీలన్నీ అందులో తెలుస్తాయి. చివరి వరుసలో అమ్మకం ఉంది. అమ్మినది సునంద, ఆమె తరఫున జీపీఏ హోల్డరు భర్త రవిబాబు. కొన్నది రవిబాబు మేనమామ. సొమ్ము రొక్కంగా ముట్టింది, ముట్టింది రవిబాబుకి. నకలు తెప్పించి చూస్తే, నా భార్య జీవించే ఉంది, ఆమె ఇచ్చిన జీపీఏ రద్దు కాలేదు అని అతను ఇచ్చిన డిక్లరేషన్ కూడా జత చేసి ఉంది. భార్య పోషించకపోతే నాకు గతి లేదని కోర్టులో పిటిషన్ వేసిన వారమే అతను ఆ సంతకం పెట్టాడు.

జీపీఏ అంటే నా బదులు నువ్వు సంతకం పెట్టొచ్చు, అమ్మొచ్చు, తాకట్టు పెట్టొచ్చు అని రాసిచ్చే అధికార పత్రం. పాసుపుస్తకం ఎవరి పేర ఉన్నా అది చేతిలో ఉన్నవాడిదే పెత్తనం.

"జీపీఏ ఎప్పుడు ఇచ్చావు సునందా?"

"పెళ్లైన రెండో ఏడండీ. చెరువుల లోనుకు పొలం తనఖా పెట్టాలంటే నేను బ్యాంకు చుట్టూ తిరగాల్సి వస్తదని, మా నాన్నే తీసుకెళ్లి ఇప్పించారు. అల్లుడు గారు చూసుకుంటారు, నీకెందుకమ్మా ఎండలో తిరగటం అన్నారు. ఆ లోను తీరిపోయింది గదా, అంతటితో అయిపోయిందనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"మీరు అడగలేదండీ."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. రీడింగు చెప్పినట్టే చెప్పింది. ఆఫీసు వరండాలో జనం మధ్య నిలబడి ఉన్నాను, కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాను.

ఎందుకు అడగలేదో ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మగ క్లయింటు వస్తే పొలాల గురించి సర్వే నంబర్లతో సహా అడిగేదాన్ని. ఎవరికైనా పవర్ ఇచ్చారా, అగ్రిమెంట్లు ఉన్నాయా, అన్నీ రాసుకునేదాన్ని. ఆడ క్లయింటు వస్తే బంగారం అడిగాను, జీతం అడిగాను, బ్యాంకు అడిగాను. పొలం కాగితాలంటే మగవాళ్ల వ్యవహారమని నా బుర్రలోనే ఉంది. ఆడవాళ్ల హక్కుల మీద మీటింగుల్లో మాట్లాడే బుర్ర ఇది. జీపీఏ రద్దు చేసే దస్తావేజు రాయించి రిజిస్టరు చేసి అతనికి నోటీసు పంపడానికి ఒక పూట చాలు. బ్యాంకు మెసేజీల నంబరు మార్చినంత పని కూడా లేదు.

రైసు మిల్లులో న్యాయం

దావా వేద్దామన్నాను. అయినవాడికి కారుచవగ్గా అమ్మి, ఆ డబ్బు కూడా ఆమెకు ఇవ్వని అమ్మకం చెల్లదని వాదించవచ్చు, బలమైన కేసే. సివిల్ కోర్టు, అప్పీలు, రెండో అప్పీలు. ఎన్నేళ్లు పడుతుందో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఈలోగా పెద్దమనుషులు దిగారు. ఊళ్లో రైసు మిల్లున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చోబెట్టారు. సునంద అన్నయ్యలిద్దరూ వచ్చారు, చెల్లెలి పక్క కాకుండా పెద్దాయన పక్కన కూర్చున్నారు. వకీలు రాకూడదన్నారు. నేను వెళ్లాను.

"చూడమ్మాయ్," అన్నాడు మిల్లు పెద్దాయన, "జరిగిందేదో జరిగింది. మగాడు పదకొండేళ్లు ఖాళీగా ఉండి ఏదో చేశాడు. నీకు నెలజీతం ఉంది. ఎకరంన్నర ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? నువ్వేమన్నా దున్నుతావా?"

"ఆయన దున్నుతారాండీ?" అంది సునంద.

 పెద్దన్నయ్య గొంతు సవరించుకుని, "పెద్దల ముందు ఎదురు మాట్లాడతావేంటమ్మా," అన్నాడు. నా కోపం ఆపుకోలేక నేను లేచి, ఇది దొంగ అమ్మకం, దీన్ని న్యాయమని కూర్చున్న ప్రతివాణ్ణీ బోనెక్కిస్తానని అరిచాను. వృత్తిలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. అరిచింది వాళ్ల మీదో నా మీదో నాకు తెలియలేదు.

సాయంత్రానికి వాళ్లు తేల్చింది ఇది. మేనమామ ముప్పావు ఎకరం సునంద పేర తిరిగి రాయాలి, మిగతా ముప్పావు అతనికే ఉండాలి. రవిబాబు భరణం పిటిషన్ వెనక్కి తీసుకుని ఇద్దరి ఒప్పుదల విడాకులకు సంతకం పెట్టాలి. ఆమె పొలంలో సగం ఆమెకే ఇచ్చి, అమ్మాయికి అన్యాయం జరగనివ్వలేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. మాకు సోడాలు తెప్పించారు.

"ఒప్పుకోకు," అన్నాను కారెక్కాక. "గెలుస్తాం. ఒక్క రూపాయి తీసుకోకుండా వాదిస్తాను."

 కంకిపాడు దాటాక సునంద అంది.

"పొలం పోకూడదని వచ్చాను మేడమ్. సగం పోయింది. దావా వేస్తే మొత్తం రావచ్చు, నాకు తెలుసు. ఇంకో పదేళ్లు ఆ చొక్కా చూడాలి. ఆయన ఖాళీగానే ఉన్నాడు, ప్రతి వాయిదాకీ వస్తాడు. నాకు లీవు దొరకొద్దా?"

 ఆమె లెక్క కరెక్టు. వాయిదాల కేసుల్లో పనిలేనివాడిదే పైచేయి, ఎందుకంటే వాడి రోజుకు ఖరీదు లేదు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, నా జూనియర్లు గుర్తు పెట్టుకోవాలి. ఆమె సంతకాలు పెట్టింది. తిరిగి రాసిన దస్తావేజులో ముప్పావు ఎకరానికి హద్దులు చదువుతుంటే, పడమర హద్దు దగ్గర మేనమామ పేరు వచ్చింది. తండ్రి తాకట్టు విడిపించిన పొలానికి ఇప్పుడు వాడు గట్టు పొరుగు. ఆ పేరు చదివినప్పుడు మాత్రం ఆమె కళ్లు తుడుచుకుంది.

ఫీజు వెనక్కి ఇచ్చేశాను. అది పెద్ద గొప్పేం కాదు. ఫీజు వెనక్కి ఇస్తే పొలం వెనక్కి రాదు.

కాబట్టి, విడిపోయేముందు డబ్బు కాపాడుకోవడం ఎలా అని అడిగే ప్రతి మనిషినీ, ఆడైనా మగైనా, మీరు మొదట అడగాల్సింది ఏ ఆస్తి ఉందని కాదు. మీ బదులు సంతకం పెట్టే అధికారం ఇప్పటిదాకా ఎవరెవరికి ఇచ్చారని అడగండి. ఎప్పుడో ఇచ్చి మరిచిపోయింది, నాన్న ఇప్పించింది, తీరిపోయిన లోను కోసం ఇచ్చింది, అన్నీ అడగండి. ఎవరికీ ఇవ్వలేదంటే నమ్మకండి, కొత్తగా ఈసీ తీయించండి, జీపీఏ ఇచ్చి ఉంటే ఆ రోజే రద్దు చేయించండి. ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లండి. పనిచేయని భార్య అని ఎవరైనా అంటే గల్లా మీద ఎవరు కూర్చునేవారో కూడా అడగండి. చట్టం ప్రకారం ఆమెకు రావాల్సింది ఆమెకు ఇప్పించండి. మీ క్లయింటుకు మిగలాల్సింది మీ క్లయింటుకు మిగిల్చండి. ఈ రెండూ ఒకేసారి చెయ్యొచ్చు, చెయ్యడం రాదనేవాడు వకీలు కాదు.

నా కాగితం

ఒకటి దాచాను, అది కూడా చెప్పేస్తాను. ఉయ్యూరు దగ్గర నాకూ అర ఎకరం ఉంది, నా పసుపు కుంకుమ. మా నాన్న చనిపోయిన ఏడాది దాని జీపీఏ మా అన్నయ్యకు ఇచ్చాను. కోర్టు పనుల్లో తీరికలేదని ఇచ్చాను. పాతికేళ్లు దాటింది, మరిచిపోయాను. సునంద "మీరు అడగలేదండీ" అన్న రోజు ఆ వరండాలోనే నాకది గుర్తొచ్చింది.

మా అన్నయ్య దొంగ కాదు. ఏటా కౌలు డబ్బు లెక్క తప్పకుండా పంపాడు, దాంతోపాటు ఓ బస్తా మినుములు. రద్దు చేసుకుంటున్నానని ఫోను చేసి చెప్పాను.

"నేనేం తప్పు చేశాను చెల్లాయ్?"

"ఏం చెయ్యలేదన్నయ్యా."

"మరి?"

నేను నసిగాను. వందమంది ఆడవాళ్లకు ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో నేర్పినదాన్ని, నా వంతు వచ్చేసరికి నాకు మాట రాలేదు. ఈ ఏడాది మినుములు రాలేదు. దానికి నాకు బాధగానూ ఉంది, కోపంగానూ ఉంది. సొంత పొలం కాగితం వెనక్కి అడిగితే చుట్టరికం పలచబడిపోవడం ఏం న్యాయమో ఎవరైనా చెప్పండి.

రద్దు దస్తావేజు రిజిస్టరు చేయించడానికి ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు మా జూనియర్. రెండో సాక్షిగా వస్తానని సునందే అంది. థర్మల్‌లో ఒక పూట లీవు పెట్టి వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసు గుమస్తాకు మా కుటుంబం తెలుసు, కాగితాలు తిరగేస్తూ మెల్లగా అడిగాడు.

"అన్నయ్య గారితో ఏమన్నా ఇబ్బందొచ్చిందా మేడమ్?"

నేను మళ్లీ నసిగాను. సునంద సాక్షి సంతకం పెడుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఏం జరగలేదండీ. జరిగాక వస్తే సగమే మిగులుద్ది."